పాత కెమెరాలో రీలు తిరగాలి

ఈ మధ్య హైదరాబాదులో ఒక కాఫీ షాపుకు వెళ్లినప్పుడు అక్కడి గోడ నిండా పాత కెమెరాలు బిగించి ఉండడం చూశాను. ఒక యాషికా మ్యాట్, రెండు మూడు జెనిట్లు, అగ్ఫా కంపెనీ డబ్బా కెమెరాలు, ఏ ఊళ్లోనో ఎన్నో పెళ్లిళ్లు చూసిన ఒక పెద్ద ఫ్లాషు, అన్నీ వరుసగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి కెమెరాకూ వెనక మూతలోంచి డ్రిల్లింగ్ మిషనుతో రంధ్రం వేసి, మర బిగించి గోడకు దించారు. పక్క బల్ల మీద ఉన్న రెండు కళ్ల కెమెరాకు లోపలి అద్దం పీకేసి, ఆ స్థానంలో బల్బు పెట్టి, దాన్ని దీపంగా మార్చారు. నాతో వచ్చిన మిత్రుడు నా ముఖం చూసి, "లేకపోతే ఇవన్నీ పాత సామాన్ల బండికి పోయేవే కదా, ఇక్కడైతే కనీసం నలుగురి కంటా పడుతున్నాయి" అన్నాడు.

ఆ మాటలో కొంత నిజం ఉంది కాబట్టే అది నన్ను చాలా రోజులు వదల్లేదు. పాడైపోయిన వస్తువును అలంకారంగానైనా నిలబెట్టడం తప్పెలా అవుతుంది? పైగా నాలాంటి సేకరణకర్తలు చేసేది మాత్రం ఏమిటి? మేకు కొట్టరు, బల్బు పెట్టరు, అంతే తేడా. అద్దాల బీరువాలో వరుసగా పేర్చి, వచ్చిన వాళ్లకు చూపించి, మళ్లీ తాళం వేస్తారు. కెమెరా వైపు నుంచి ఆలోచిస్తే గోడకూ బీరువాకూ పెద్ద తేడా లేదు. ఈ ఆలోచనను పట్టుకుని వెళ్లిన కొద్దీ నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. పాత ఫిల్ము కెమెరాను సేకరించడమంటే దానితో ఫొటోలు తీయడమే. పనిచేసే స్థితిలో ఒక మనిషి ఉంచగలిగినన్ని కెమెరాలే ఆ మనిషి దగ్గర ఉండాలి, మిగిలినవి వాడే చేతుల్లోకి వెళ్లిపోవాలి. ఈ మాటకు ఉన్న అభ్యంతరాలు నాకు తెలుసు, వాటిలో ఒకటి రెండింటికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు కూడా.

బీరువాలో ఏం జరుగుతుంది

బీరువాలో పెట్టిన కెమెరా భద్రంగా ఉంటుందనుకోవడం సేకరణలో అన్నిటికంటే పెద్ద భ్రమ. ఏడాదిపాటు వేయని బోరు మోటారు పట్టేసినట్టే, తిప్పని షట్టరు, అంటే రీలు మీదికి వెలుతురును క్షణకాలం వదిలే తెర, కూడా పట్టేస్తుంది. దాని లోపల సన్నటి స్ప్రింగులు, పళ్లచక్రాలు, వాటి మధ్య చుక్కంత నూనె ఉంటాయి. ఆ నూనె ఏళ్ల తరబడి కదలక చిక్కబడి జిగురవుతుంది. ముందుగా దెబ్బతినేది నెమ్మది వేగాలు. ఒక సెకనుకు పెట్టి మీట నొక్కితే లోపల చక్రాలు తిరిగే సన్నటి "జ్‌ర్ర్" మని చప్పుడు వినిపించి, సెకను కాగానే తెర మూసుకోవాలి. పట్టేసిన కెమెరాలో ఆ చప్పుడు సగంలో ఆగిపోతుంది, తెర తెరుచుకునే ఉండిపోతుంది.

కటకం సంగతి ఇంకా కష్టం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో పెరిగిన కెమెరాలను తెరిచి, కటకం వెనక నుంచి ఫోను టార్చి వేసి చూస్తే, గాజు అంచుల నుంచి మధ్యకు పాకుతున్న సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. అది బూజు. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం, ఈ మూడూ దానికి కావలసినవి, తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచిన కెమెరాకు ఈ మూడూ సమకూరుతాయి. తోలు సంచి అందంగా ఉంటుంది కానీ వానాకాలమంతా తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. బూజును తొలి దశలో శుభ్రం చేయవచ్చు. ఆలస్యమైతే అది గాజు మీది పూతను తినేస్తుంది, ఆ తరువాత తుడిచినా దాని మచ్చ మిగిలే ఉంటుంది. 1970ల నాటి జపాను కెమెరాలలో వెనక మూత అంచున వెలుతురు చొరబడకుండా అతికించిన నల్లటి స్పాంజి ఉంటుంది. అది కాలక్రమేణా తారులా కరిగి వేలికి అంటుకుంటుంది. ఎవరూ మూత తెరవకపోతే అది కరిగిన సంగతే తెలియదు. బ్యాటరీ పెట్టి మరిచిపోయిన కెమెరాలో పచ్చటి చిలుము పట్టి తీగలు తెగిపోతాయి.

వాడే మనిషికి ఇవన్నీ మొదటి నెలలోనే కంటపడతాయి. చూసే మనిషికి పదేళ్లకు కూడా కంటపడవు, ఎందుకంటే బయటి నికెలు మెరుపు అలాగే ఉంటుంది. విజయవాడ గవర్నరుపేటలో నాకు తెలిసిన ఒక పెద్దాయన కెమెరాలు బాగుచేస్తారు. సన్నటి మరలన్నిటినీ కొలతలవారీగా పాత రీలు డబ్బాల్లో పోసి, మూతల మీద పెన్నుతో గుర్తులు రాసి పెట్టుకున్నారు. ఆయన దగ్గర నా యాషికా మ్యాట్ బాగుచేయించుకుని వస్తుంటే, "నెలకొకసారి అన్ని స్పీడులూ తిప్పు బాబూ, సెకను నుంచి అయిదువందో వంతు దాకా ఒక్కోటీ పదేసి సార్లు. మళ్లీ నా దగ్గరికి తేవద్దు" అన్నారు. తన బేరం పోగొట్టుకునే సలహాను ఆయన అంత శ్రద్ధగా చెప్పడం నాకు గుర్తుండిపోయింది.

మా మేనత్త ఎండలోకి నడవడం

ఇంతవరకూ చెప్పింది యంత్రం ఆరోగ్యం గురించి. వాడాలని నేననడానికి అదొక్కటే కారణమైతే, నెలకోసారి ఖాళీ షట్టరు తిప్పితే సరిపోతుంది, రీలు ఎక్కించనక్కరలేదు. నా అసలు కారణం వేరు. పాత కెమెరాతో ఫొటో తీసినప్పుడు మాత్రమే తెలిసే సంగతులు ఉన్నాయి, అవి వస్తువును ఎంతసేపు చూసినా తెలియవు.

అగ్ఫా క్లిక్ త్రీనే తీసుకుందాం. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఈ ప్లాస్టిక్ కెమెరా మన ఇళ్లలో ఒక తరం చూసిన మొదటి కెమెరా. 120 అనే వెడల్పాటి రీలు ఎక్కించి 6×6 సెంటీమీటర్ల ఫొటోలు 12 తీసుకోవచ్చు. ఫోకస్ తిప్పడానికి లేదు, షట్టరు వేగం ఒక్కటే, ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు. సేకరణకర్తల లెక్కలో దీనికి విలువ లేదు, సంతలో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నేనూ ఒకటి తెచ్చి, దానికి తగినట్టు 100 ఏఎస్ఏ (రీలు వెలుతురును పట్టే చురుకుదనానికి కొలత) నలుపు తెలుపు రీలు ఎక్కించి తెనాలిలో మా మేనత్త ఇంటికి తీసుకువెళ్లాను.

ఆవిడ వసారాలో కూర్చుని ఉన్నారు. మెత్తటి నీడ వెలుతురు, ఈ రోజుల్లో ఏ ఫోనుతోనైనా చక్కటి ఫొటో వచ్చే చోటు. కెమెరా నా చేతిలో చూడగానే ఆవిడ లేచి, నేనేమీ అడగకుండానే వాకిట్లోకి దిగి, తులసికోటకు ఇవతల సూర్యుడికి ఎదురుగా నిలబడి, పమిట సర్దుకుని, చేతులు ముందుకు కట్టుకుని కదలకుండా ఉండిపోయారు. "నీడలో నల్లగా వస్తుందిరా, మీ మావయ్య ఎప్పుడూ ఇక్కడే నిలబెట్టేవారు. నువ్వు ఇంకా వెనక్కి వెళ్లు, ఆ గేటు దాకా" అన్నారు. నేను గేటు దాకా వెళ్లాక గానీ ఆవిడ తృప్తిపడలేదు.

తెనాలి నుంచి వచ్చి, ఆ రీలు కడిగి నెగిటివులు ఎండకు పట్టి చూసినప్పుడు మా ఇంట్లోని పాత ఆల్బమ్ నాకు మొదటిసారి అర్థమైంది. ఆ ఆల్బమ్‌లో అందరూ ఎందుకు వాకిట్లోనే ఉంటారు, ఎందుకు కళ్లు చిట్లించి ఉంటారు, ఎందుకు కర్రల్లా బిగుసుకుని నిలబడతారు, ముఖాలు అంత చిన్నవిగా, కాళ్లు చెప్పులతో సహా పూర్తిగా ఎందుకు పడతాయి అని నేను చిన్నప్పటి నుంచి అనుకునేవాడిని. మన పెద్దవాళ్లకు ఫొటో అంటే భయమనీ, బిడియమనీ, సహజంగా నిలబడడం తెలియదనీ వ్యాఖ్యానించే వాళ్లను కూడా విన్నాను. అది భయమూ కాదు, బిడియమూ కాదు. ఈ కెమెరా నీడలో పనిచేయదు కాబట్టి ఎండలో నిలబడాలి. ఫొటో తీసే మనిషి వీపు మీద ఎండ పడాలి కాబట్టి ఎదుటివాళ్ల కళ్లు చిట్లిపోతాయి. షట్టరు నెమ్మది కాబట్టి కదిలితే ముఖం చెదిరిపోతుంది. పది అడుగుల లోపలికి వస్తే ఫోకస్ నిలవదు కాబట్టి మనిషి మొత్తం పడుతుంది, వెనక ఇల్లూ, పక్కన ఆవుదూడా పడతాయి. మా మేనత్తకు ఈ నియమాలన్నీ ఒంట్లో ఉన్నాయి, అవి మావయ్య నేర్పగా వచ్చినవి. కెమెరా బీరువాలో ఉండి ఉంటే ఆవిడ దాన్ని చూసి "మన ఇంట్లో ఉండేది" అని మాత్రమే అనేవారు. తన వైపు ఎక్కుపెట్టినప్పుడే ఆవిడ ఎండలోకి నడిచారు.

ఇది పాత రోజుల మీద మమకారం మాత్రమేనేమో అని నాకు సందేహం రాకపోలేదు. మమకారం ఉంది. అయితే నేను తెలుసుకున్నది మమకారంతో నిమిత్తం లేని విషయం, ఎవరైనా క్లిక్ త్రీ తెచ్చి రీలు ఎక్కించి సరిచూసుకోవచ్చు. అందులోనే 400 ఏఎస్ఏ రీలు వేసి మధ్యాహ్నపు ఎండలో తీస్తే నెగిటివ్ నల్లగా మాడినట్టు వస్తుంది, ఎందుకంటే ఆ కెమెరాను అంత చురుకైన రీలు కోసం తయారుచేయలేదు. అంటే కెమెరా, ఆనాటి రీలు, ఆనాటి వాకిలి, ఆనాటి నిలబడే తీరు, ఇవన్నీ ఒకదానికొకటి కుదురుకున్న ఏర్పాటు. అందులో ఒక్క కెమెరాను మాత్రం తెచ్చి అద్దం వెనక పెడితే మిగిలినదంతా చెదిరిపోతుంది.

యాషికా మ్యాట్ విషయంలోనూ ఇదే జరిగింది. దీన్ని కంటికి ఆనించుకుని చూడరు. ఛాతీకి కిందుగా, బొడ్డు దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి లోపలి గాజు పలక మీద పడే బొమ్మను చూస్తారు. ఆ బొమ్మలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి, ఎదుటి మనిషి కుడికి జరిగితే పలక మీద ఎడమకు జరుగుతాడు. చెయ్యి అలవాటు పడడానికి కాలం పడుతుంది. అలవాటు పడ్డాక స్టూడియోలో తీసిన 1970ల నాటి నిలువెత్తు ఫొటోలలో మనుషులు అంత హుందాగా, కాస్త పొడుగ్గా ఎందుకు కనిపిస్తారో తెలుస్తుంది. కెమెరా బొడ్డు ఎత్తు నుంచి చూస్తోంది. తీసే మనిషి తల వంచి ఉన్నాడు, ఎదుటి మనిషిని కళ్లతో నిలదీయడం లేదు. పైగా రీలుకు 12 ఫొటోలే. ఒకే బొమ్మను రెండుసార్లు తీయడానికి స్టూడియో ఆయనకు మనసొప్పదు. గడ్డం కాస్త ఎత్తించి, భుజం సర్ది, కొంగు మడత సరిచేసి, అంతా కుదిరాక ఒక్కసారి నొక్కేవాడు. ఆ ఓపికకు కారణం స్వభావం ఎంతో, రీలు ధర కూడా అంతే.

వాడితే అరిగిపోదా

నా వాదనకు మొదటి అభ్యంతరం ఇదే. ఎంత బాగుచేసినా యంత్రం అరుగుతుంది, ఈ కెమెరాలకు కొత్త విడిభాగాలు ఎవరూ తయారుచేయడం లేదు, కాబట్టి మనం వాడినకొద్దీ తరువాతి తరానికి మిగలకుండా పోతాయి అంటారు. గట్టి అభ్యంతరమే. కానీ లెక్క వేసి చూడండి. నెలకు 36 ఫొటోల రీలు ఒకటి తీసే మనిషి ఏడాదికి 432 సార్లు మీట నొక్కుతాడు. పెళ్లిళ్ల ముహూర్తాల రోజుల్లో ఒక స్టూడియో కెమెరా ఒక్క వారంలో అంతకంటే ఎక్కువ పనిచేసేది. అభిరుచితో వాడే వాడకం వల్ల అరిగే దానికంటే, వాడకపోవడం వల్ల పట్టేసి పోయేది ఎక్కువ. పడిపోయి పగిలిపోయే ప్రమాదం ఉందనేది మాత్రం నిజం, దానికి మెడలో పట్టీ వేసుకోవడం తప్ప వేరే జవాబు లేదు.

అరుదైన వాటి సంగతి ఏమిటి? 2022లో జర్మనీలోని వెట్స్‌లార్‌లో జరిగిన వేలంలో ఒక లైకా కెమెరా 1 కోటీ 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. లైకాను రూపొందించిన ఆస్కార్ బార్నాక్ స్వయంగా వాడుకున్న కెమెరా అది, అమ్మకానికి ముందు పరీక్ష కోసం చేసిన 0 వరసలోని 105వ నంబరు. దానిలో రీలు ఎక్కించమని నేను అనను. ప్రపంచంలో కొన్ని మాత్రమే ఉన్న వస్తువును మ్యూజియం చూసుకోవాలి. అక్కడ తేమను కొలిచే ఏర్పాటు ఉంటుంది, తెలిసినవాళ్లు ఉంటారు, చూడాలనుకున్న వాళ్లందరికీ ప్రవేశం ఉంటుంది. 2019లో గురుగ్రామ్‌లో మొదలైన మ్యూజియో కెమెరా లాంటి చోట్ల ఆ పని జరుగుతోంది కూడా. కానీ మన బీరువాల్లో ఉన్నవి 0 వరస లైకాలు కావు. జెనిట్-ఇ ఒక్కటే 30 లక్షలకు పైగా తయారైంది. అలాంటి కెమెరాను ముట్టుకోకుండా దాచి తరువాతి తరాల కోసం కాపాడుతున్నామనడం మ్యూజియం భాషను అరువు తెచ్చుకోవడమే. జెనిట్-ఇ కి పనిచేయడానికి అసలు బ్యాటరీ కూడా అక్కరలేదు. వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు దాకా అయిదే. వెలుతురును కొలిచే సెలీనియం మీటరు ముసలిదై తప్పుడు లెక్క చూపినా, ఎండను చూసి అంచనా వేసుకోవడం తెలిస్తే చాలు. దాని హీలియోస్ కటకం వెనకనున్న ఆకులను సుడి తిప్పినట్టు చూపిస్తుంది, ఆ సుడిని రీలు మీద చూడని వాళ్లకు ఆ కెమెరా సగమే తెలుసు.

అయితే కేరళలోని ఆలప్పుళలో టేకు చెక్కతో తయారైన వాగీశ్వరి కెమెరా విషయంలో నా వాదన కాస్త వెనక్కి తగ్గుతుంది. దక్షిణాది స్టూడియోలలో దశాబ్దాలపాటు స్టాండు మీద నిలబడి, నల్లగుడ్డ కప్పుకుని పనిచేసిన కెమెరా అది. ఇప్పుడు మిగిలినవి తక్కువ. దాని తోలు మడతల తిత్తి ఎండి ఉంటుంది, లాగిన ప్రతిసారీ ఒక మడత దగ్గర పగులు వచ్చే ప్రమాదం ఉంది. చీకటి గదిలో లోపల టార్చి వెలిగిస్తే ఆ పగుళ్లలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా బయటికి వస్తుంది. దాన్ని వాడాలా, దాచాలా? తిత్తి కొత్తది వేయించి వాడవచ్చు కానీ, అప్పుడు అది చేసిన చేతుల పని కొంత తీసి పారేసినట్టవుతుంది. ఈ ప్రశ్నను నేను తేల్చుకోలేకపోయాను. వాగీశ్వరి మన దేశపు పనితనానికి సాక్ష్యం, దాన్ని జెనిట్ లెక్కన చూడలేను.

రాజా దీన్‌దయాళ్ గురించి మాత్రం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పనిచేసిన ఆయన గాజు నెగిటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో వేల సంఖ్యలో ఉన్నాయి. మనకు ఆనాటి హైదరాబాదు తెలిసింది ఆ నెగిటివుల వల్ల. ఆయన కెమెరాలు మాత్రమే మిగిలి నెగిటివులన్నీ పోయి ఉంటే మనకు తెలిసేది చాలా తక్కువ. కెమెరా ఎంత గొప్పదైనా దాని పని బొమ్మను ఇవ్వడం. బొమ్మ రాని సేకరణలో ముఖ్యమైన భాగమే లేదని నేననుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఖర్చు ఎవరు భరించాలి

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దీన్ని నేను తోసిపుచ్చలేను. రీలు ధర పెరిగిపోయింది. ఒకప్పుడు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల "ఇందు" రీలు తయారయ్యేది. 1960లో స్థాపించిన ఆ ప్రభుత్వ సంస్థ మూతపడ్డాక మనం ఎక్కించే ప్రతి రీలూ బయటి దేశాల నుంచి రావలసిందే. రంగుల రీలు ఒకటి వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉంది, కడిగించి స్కాను చేయించడానికి మళ్లీ కొన్ని వందలు. మన ఊళ్ల స్టూడియోలలో రంగుల రీలు కడిగే మిషన్లు తీసేసి చాలా ఏళ్లయింది కాబట్టి, కొరియరులో హైదరాబాదుకో, బెంగళూరుకో, ముంబైకో పంపాలి. వాడకపోతే కెమెరా ఉంచుకోవద్దని నేనంటే, డబ్బున్న వాళ్లే ఉంచుకోవాలని అన్నట్టు అవుతుందా?

దీనికి నేను చేస్తున్నది చెబుతాను. నలుపు తెలుపు రీలు ఇంట్లోనే కడుగుతాను. డి-76 అనే డెవలపరు పొడి కొనుక్కోవచ్చు, లేదా తూకం సరిగ్గా ఉంటే సొంతంగానూ కలుపుకోవచ్చు. లీటరు నీటిలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్సు 2 గ్రాములు. ఆ తరువాత బొమ్మను నిలబెట్టే హైపో, ఆ తరువాత నీళ్లు. అసలు చిక్కు ఎండాకాలంలో వస్తుంది. పుస్తకాలన్నీ 20 డిగ్రీల దగ్గర ఇన్ని నిమిషాలు అని చెబుతాయి, మే నెలలో మా ట్యాంకు నీళ్లే 35 డిగ్రీలు దాటుతాయి. అంత వేడిలో కడిగితే మూడు నిమిషాలు కాకముందే డెవలపింగు అయిపోయి, ఆకాశమంతా చారలు చారలుగా వస్తుంది. అందుకని బేసినులో ఐసు ముక్కలు వేసి, సీసాలు అందులో నిలబెట్టి, థర్మామీటరు 24 దగ్గరికి దిగే వరకు కూర్చుంటాను. మన పాత స్టూడియోల వాళ్లు వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎందుకు కడిగేవారో, కుండ నీళ్లు ఎందుకు వాడేవారో అప్పుడే తెలిసింది. ఖర్చు ఇలా సగానికి పైగా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు.

చిన్న చిన్న అడ్డంకులకు ఇలాంటి దారులే ఉన్నాయి. యాషికా మ్యాట్ 124జి మీటరుకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కావాలి. పాదరసం విషమని వాటి తయారీ ఆపేశారు. మామూలు 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు తప్పు చూపిస్తుంది. వినికిడి యంత్రాలకు వేసే 675 నంబరు జింక్-ఎయిర్ బిళ్ల 1.4 వోల్టులు ఇస్తుంది, దాని చుట్టూ చిన్న రబ్బరు రింగు వేస్తే గూట్లో సరిగ్గా కూర్చుంటుంది. స్టిక్కరు తీశాక కొన్ని నెలలే పనిచేస్తుంది, కానీ మందుల షాపులో దొరుకుతుంది. 620 రీలు కావలసిన పాత కొడాక్ మడత కెమెరాలకు, 120 రీలునే చీకట్లో సన్నటి 620 కండె మీదకు చుట్టుకోవచ్చు, ఫిల్ము వెడల్పు రెండింటిదీ ఒకటే. కొడాక్ 1963లో తెచ్చిన 126 క్యాట్రిడ్జి కెమెరాలకు మాత్రం ఇప్పుడు ఎవరూ రీలు తయారుచేయడం లేదు. పాత క్యాట్రిడ్జిలో 35 ఎంఎం ఫిల్ము కూర్చి వాడే వాళ్లు ఉన్నారు, నేను ఆ పని సంతృప్తిగా చేయలేకపోయాను, కాబట్టి ఆ కెమెరాలను కొనను.

డబ్బు ప్రశ్నకు ఇంకో వైపు కూడా ఉంది. బీరువాలో పదులకొద్దీ పెంటాక్స్ కె1000లు దాచిన మనిషి వల్ల, ఫొటోగ్రఫీ నేర్చుకుందామనుకునే ఒక విద్యార్థికి ఆ కెమెరా దొరకదు, దొరికినా ధర రెట్టింపు ఉంటుంది. ఈ కెమెరాల మీద కుర్రవాళ్లకు మళ్లీ ఆసక్తి వచ్చింది, 2024లో పెంటాక్స్ కంపెనీ కొత్త ఫిల్ము కెమెరానే విడుదల చేసింది. ఆ ఆసక్తి ఉన్నవాళ్లకు మన దగ్గర ఖాళీగా ఉన్నవి చేరకపోతే, మనం కాపాడుతున్నది ఎవరి కోసం?

ఎన్ని ఉంచుకోవాలి

ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఇప్పటికీ కెమెరాలు వస్తాయి. పాత ఫోన్లు, చార్జర్లు, రేడియోల మధ్య పరిచిన గోనెపట్టా మీద ఒకటో రెండో ఉంటాయి. అమ్మేవాళ్లు పైపైన నూనె గుడ్డతో తుడిచి తెస్తారు కాబట్టి బయటి మెరుపు చూసి ఏమీ చెప్పలేం. నేను ముందు లోపల రీలు ఉందేమో అడిగి, లేదంటే వెనక మూత తెరుస్తాను. వేగాన్ని "బి" మీద పెట్టి, నొక్కినంతసేపూ తెర తెరిచే ఉంటుంది కాబట్టి మీట నొక్కి పట్టుకుని, కటకంలోంచి ఆకాశం వైపు చూస్తాను. ఫోకస్ మీద అనుమానం వస్తే, రీలు పరుచుకునే చోట సెల్లోటేపు ముక్క బిగువుగా అతికించి, దూరంగా ఉన్న మెట్రో స్తంభం మీదికి తిప్పితే, ఆ టేపు మీద స్తంభం తలకిందులుగా పడుతుంది. గుర్తు అనంతం దగ్గర ఉన్నప్పుడు దాని అంచు పదునుగా ఉంటే కటకం సరిగ్గా ఉన్నట్టే. ఈ పని చేస్తున్నంతసేపూ అమ్మే కుర్రవాడు నా పక్కన గొంతుకూర్చుని టేపు మీద బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. రోజూ అమ్మే వస్తువు లోపల ఏం జరుగుతుందో తనకు ఎవరూ చూపించలేదని చెప్పి, మిగిలిన కెమెరాలకు కూడా తనే టేపు అతికించి చూసుకున్నాడు. అందులో ఒకటి బాగా ఉందని తెలిశాక ధర పెంచాడు. అది న్యాయమేనని నాకనిపించింది, ఎందుకంటే ఇప్పుడు అతను అమ్ముతున్నది పనిచేసే కెమెరా.

ఇలా కొన్నవన్నీ ఉంచుకోవడం నేను మానేశాను. కొన్నాక ఒక రీలు తీసి, కడిగి, నెగిటివులు బాగున్నాయో లేదో చూసి, ఆ నెగిటివులను కెమెరా నంబరుతో సహా ఒక కవరులో భద్రపరుస్తాను. తరువాత ఆ కెమెరా ఏడాదిలో ఒక్కసారి కూడా నా భుజాన పడకపోతే అడిగిన వాళ్లకు ఇచ్చేస్తున్నాను, కొన్నిసార్లు కొన్న ధరకే, విద్యార్థులైతే ఊరికే. కవరు మాత్రం నా దగ్గరే ఉంటుంది. నాకు నచ్చిన కెమెరాను వదులుకోవడం కష్టంగానే ఉంటుంది, జెనిట్ ఇచ్చేసిన రోజు ఆ బరువు చేతిలో లేకపోవడం బాగా తెలిసింది. దాన్ని తీసుకున్న వరంగల్ అమ్మాయి వేయి స్తంభాల గుడిలో తీసిన మొదటి రీలు ఫొటోలు పంపింది, స్తంభాల చెక్కడం మీద పక్కనుంచి పడిన పొద్దుటి వెలుతురు నేను అదే కెమెరాతో తీసిన దేనిలోనూ అంత బాగా రాలేదు.

ఇక బాగుపడని కెమెరాల మాట. పగిలిన చక్రాలు, చిరిగిన గుడ్డ షట్టరు, మచ్చపడిన కటకాలతో వచ్చేవి ఉంటాయి. వాటిని కూడా గోడకు బిగించనక్కరలేదు. గవర్నరుపేట పెద్దాయనకు వాటిలో ఒక్కో మరా పనికొస్తుంది. ఒక యాషికా నుంచి తీసిన అద్దంతో ఇంకో యాషికాకు చూపు వస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకునే వాళ్లు ఎవరూ లేరు, ఆయన కొడుకు సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. వాడే కెమెరాలు ఊళ్లో తగినన్ని ఉండి, నెలకు కొన్నయినా బాగుచేయించుకోవడానికి వస్తేనే ఆయన ఆ బల్ల మీద కూర్చునే అవకాశం ఉంటుంది, ఎవరో ఒకరు పక్కన స్టూలు వేసుకుని నేర్చుకునే అవకాశం ఉంటుంది. బీరువాలో ఉన్న కెమెరా ఆయన దగ్గరికి ఎప్పటికీ రాదు. నా దగ్గర మిగిలిన పాడైన వాటన్నిటినీ వచ్చే నెల ఒక అట్టపెట్టెలో సర్ది ఆయనకు తీసుకువెళ్తున్నాను. ఆ పెట్టెలోంచి రెండు క్లిక్ త్రీలైనా నిలబెట్టవచ్చని ఆయన ఫోనులోనే అన్నారు.